పిన్ని వెనక్కి జరిగిన పాట

పిన్నీ,

"నా గొంతు తీసేసి ఇంకెవరిచేతనైనా పాడించుకోండి" అని బాబాయితో కబురు పంపావట. అది కుదిరే పని కాదు. ముందు ఇది చదువు.

నువ్వు విన్నది మా సంగీత దర్శకుడు హడావిడిగా చేసిన మిక్సింగ్. ఫోన్లోనూ ప్రతి మాటా వినపడాలని కంప్రెసర్ గట్టిగా బిగించేశాడు. పెద్ద స్వరాలకి మొట్టికాయ వేసి, చిన్నవాటిని పైకి లాగే పరికరం అది. దాంతో నీ ఊపిరి కూడా పాటంత పెద్దదైంది. ఆయాసపడుతున్నట్టుందని నువ్వన్నది నిజమే, కానీ ఆ ఆయాసం నీది కాదు.

అసలు చిక్కు నీ అలవాటు. ఏళ్ల తరబడి కోరస్‌లో నలుగురితో ఒకే మైకు ముందు పాడావు. గొంతు లేచిందంటే పక్కవాళ్లని మింగేయకూడదని ఒక అడుగు వెనక్కేస్తావు. తొలిసారి ఒక్కదానివే పాడుతూ కూడా అదే చేశావు! ఏది అలవాటుకొద్దీ తగ్గిందో, ఏది కావాలని తగ్గించావో మెషీన్‌కేం తెలుసు? నాకు తెలుసు.

ఈసారి మిక్సింగ్‌కి నేనే కూర్చుని కంప్రెసర్ వదులు చేసి, ఒక్కో మాటనీ చేత్తో సర్దాను. నువ్వు వెనక్కి జరిగిన చోటల్లా ముందుకు లాక్కొచ్చాను. చివరి మాటకి మాత్రం నువ్వు కదల్లేదు, గొంతే గుసగుసలోకి దించావు. "వినపడదు, పెంచు" అన్నాడు సంగీత దర్శకుడు. పెంచలేదు. వయొలిన్లు తగ్గించి మళ్లీ వినిపించాను.

ఇన్నేళ్లూ నువ్వే వెనక్కి జరిగావు. ఆ చివరి మాట రాగానే, పిన్నీ, ఆ పెద్దమనిషి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

రేపు స్టూడియోకి వచ్చెయ్, నువ్వే విందువుగాని.

నీ మాట వినని, నీ పాట వదలని,
మీ అక్క కూతురు