నా నోటికి లెంటు

మార్చి 5, బుధవారం

లెంటు మొదలు! ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసకాలం.

అందరూ మాంసం మానేస్తారు. కొందరు కాఫీ మానేస్తారు. నేను కఠినమైన మాట మానేస్తున్నాను. ఈస్టర్ దాకా నా నోట మృదువైన మాట తప్ప ఇంకోటి రాదు. ఇందిరా నగర్ తెలుగు కూటంలో అందరి ముందూ లేచి చెప్పాను. చప్పట్లు! "సిస్టర్ జయంతి తీర్మానం మనందరికీ మాదిరి" అన్నారు పాస్టరుగారు. మావారు ప్రభుకు మాత్రం అప్పుడే దగ్గు వచ్చింది.

ఈస్టర్ తర్వాత కూటంలో ఆదరణ పరిచర్య పెడతారట. కష్టాల్లో ఉన్న ఇళ్ళకు వెళ్ళి ధైర్యం చెప్పాలి. దానికొక లీడరు కావాలి. నేను ఆశించడం లేదు. కాని చూడబోతే ఇంకెవరున్నారు? కూటంలో అందరివీ తాతల కాలం నుంచి ఈ పుదుచ్చేరిలో ఉన్న తెలుగు కుటుంబాలే. మాట ఉంది, అక్షరం లేదు. వాక్యం తమిళంలో చదువుకుంటారు. కావలి నుంచి వచ్చి ఏడాది కాని నేను చదివితేనే అక్కడ తెలుగు వాక్యం వినబడేది. దేవుడు ఎవరినీ ఊరికే తెచ్చి ముత్తియాల్‌పేటలో పడెయ్యడు కదా.

పాస్టరుగారు చెప్పిన సూత్రాలు రాసి ఫ్రిజ్ మీద అంటించాను:
తియ్యగా మాట్లాడు.
ధైర్యం చెప్పు.
దుఃఖంలో ఉన్నవాళ్ళను ప్రశ్నలతో విసిగించకు.

మార్చి 6, గురువారం

వైతికుప్పం నుంచి కనగం చేపల బుట్టతో వచ్చింది. మామూలుగా అయితే మొప్పలు ఎత్తి చూసి, "ఇవి పట్టిన చేపలా, తవ్వి తీసినవా?" అంటాను. ఇవాళ, "కనగమ్మా, ఎంత ఎండలో వచ్చావో, నువ్వు ఏది ఇస్తే అదే" అన్నాను.

అది బుట్ట దించి, నా ముఖం వంక అనుమానంగా చూసింది. "ఏమ్మా, ఒళ్ళు బాలేదా?"

తర్వాత చేప వాసన చూసి ప్రభు అన్నం పెరుగుతో తిన్నారు. పరవాలేదు. ప్రేమకు ఖర్చు ఉంటుంది.

మార్చి 8, శనివారం

నరేన్‌ను ఆస్పత్రిలో చేర్చారు. మా మరిది నరేంద్రన్. షుగరు మనిషి, కాలి వేలికి పుండు పడి ఎన్నాళ్ళుగానో మానడం లేదు. వేలు తీసెయ్యాల్సి రావచ్చు అన్నారట డాక్టర్లు.

వాడి పెళ్ళాం హేమమాలిని, నా తోడికోడలు. కింది పోర్షన్‌లో వాళ్ళు, అత్తయ్య. పైన మేము. నిజం చెప్పుకోవాలంటే ఈ ఊళ్ళో నోరారా మాట్లాడుకోవడానికి నాకున్నది హేమ ఒక్కతే. సాయంత్రమైతే ఇద్దరం మెట్ల మీద కూర్చుని వీధిలో ఒక్కరిని మిగల్చకుండా చెరిగేవాళ్ళం. అలాంటి మనిషి కష్టంలో పడింది. నా ఓదార్పుకు మొదటి ఇల్లు మా ఇల్లే!

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాను. మంచం పక్కనే కూర్చుని చెప్పాను: "హేమా, భయపడకు. కావలిలో మా బాబాయికీ ఇలాగే వేలితో మొదలైంది. తర్వాత పాదం తీశారు, తర్వాత మోకాలి దాకా తీశారు. అయినా చూడు, కట్టెకాలేసుకుని ప్రతి ఆదివారం చర్చికి వస్తాడు. స్తోత్రం!"

హేమ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. నరేన్ దుప్పటి కాలి మీదికి లాక్కున్నాడు. బాగా కదిలిపోయారు ఇద్దరూ.

మార్చి 12, బుధవారం

తెల్లారేసరికి హేమకు గులాబీల ఫోటో మీద ధైర్యవచనం పంపాను. రోజూ పంపుతున్నాను. ఇవాళ జవాబు వచ్చింది, వాయిస్‌లో: "అక్కా, ఏంది ఇది? నాకు తెలుగు అక్షరం యాడ తెలుసు? రోజాపూ మాత్రం రొంబ బాగుంది."

నా తప్పే. ఇక మీదట చదివి వాయిస్ పెడతాను. మొదటిదే కాస్త పెద్దది అయింది. ప్రార్థన, పాట, బాబాయి కథలో ఆస్పత్రిలో చెప్పడం మర్చిపోయిన భాగం.

ఇంకా వినలేదు. ఆస్పత్రిలో తీరిక ఉండదు పాపం.

మార్చి 20, గురువారం

హేమ బట్టల కోసం ఇంటికి వచ్చింది. మెట్ల మీద కూలబడింది. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఎన్నాళ్ళకో!

"చూడక్కా, ఎదురు మోటారు షెడ్డు వెట్రివేల్ మా ఆయన బండి రిపేరుకని తీసకపోయి ఊరంతా తిరగతా ఉండాడు. మొగుడు ఆస్పత్రిలో ఉంటే ఎవురు అడగతారులే అని."

నా నాలుక చివర వెట్రివేల్ గురించి చక్కటి మాట ఒకటి సిద్ధంగా ఉంది. వాడి మీసం, వాడి షెడ్డు, వాడి వంశం, అన్నీ ఒకే వాక్యంలో వచ్చేవి. మింగాను. "క్షమించు హేమా" అన్నాను. "పరుల తప్పులు ఎంచే ముందు మనవి చూసుకోవాలి. షుగరు పెట్టుకుని పెళ్ళి భోజనంలో నరేన్ జాంగిరీలు తినలేదూ?"

హేమ లేచి వెళ్ళిపోయింది. బట్టల సంచి మెట్ల మీదే మర్చిపోయింది.

తియ్యగానే అన్నాను కదా? గొంతు కూడా పెంచలేదు!

మార్చి 30, ఆదివారం

ఆస్పత్రికి పళ్ళు తీసుకుని వెళ్ళాను. హేమ వార్డు తలుపు దగ్గరే ఎదురొచ్చి, సంచి అందుకుని, తలుపుకి అడ్డంగా నిలబడింది.

"అక్కా, కోపం చేసుకోవాకు. నువ్వు రాకుండా ఉంటే అదే మాకు ఆరుదల."

ఇంటికొచ్చి ప్రభును అడిగాను, ఆరుదల అంటే ఏంటని. "ఓదార్పు" అని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మా కావలిలో ఆరేది తడిబట్ట, లేదా దీపం. ఈ ఊళ్ళో తెలుగులోకి తమిళం దూరి ఏవేవో ఆరుతుంటాయి.

నాకు ఏడుపొచ్చింది. నేను చేసిన తప్పేంటి? ఒక్క తిట్టు తిట్టలేదే.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఆటో అతన్ని ఒక మాట అన్నాను. తమిళంలో. నాకు తమిళం సరిగా రాదు కాబట్టి ఏమన్నానో నాకే తెలియదు. తెలియక చేసింది లెక్కలోకి రాదు.

అత్తయ్యను అన్నది తిట్టు కాదు, సరిదిద్దుబాటు. చింతపండు రసంలో అంత బెల్లం ఎవరైనా వేస్తారా?

ఏప్రిల్ 6, ఆదివారం

గొప్ప విషయం తెలిసింది! లెంటులో ఆదివారాలు లెక్కకు రావట! పాత ఆచారమట, ఆ రోజు ఉపవాసం ఉండక్కర్లేదట. ఎవరూ చెప్పరే నాకు ఇలాంటివి!

ప్రభును కూర్చోబెట్టి, వారం రోజులుగా మృదువుగా మింగినవన్నీ ఒక్కొక్కటే చెప్పాను. మధ్యలో ఆయన, "సోమవారం ఎప్పుడొస్తుంది?" అన్నారు.

అత్తయ్య కూడా ఆస్పత్రికే వెళ్ళారు, కింద ఇల్లు చీకటిగా ఉంది. హేమ లేక మెట్లు ఎక్కుతుంటే దిగులుగా ఉంది. ఫోను చేసినా ఎత్తడం లేదు. నాకు లీడరు పదవి రాకపోయినా పరవాలేదు. (వస్తే మంచిదే.) అది ఒక్కసారి "అక్కా" అని పిలిస్తే చాలు.

ఏప్రిల్ 12, శనివారం, మధ్యాహ్నం

రాస్తే గాని నిలబడలేను.

ఆస్పత్రి నుంచి అత్తయ్య ఫోను. ఏడుస్తున్నారు. "జయంతీ, మన నరేనుకు ఆరిపోయిందే! డాక్టరు ఇంక మేము చేసేదేమీ లేదు, తీసకపోండి అన్నాడు. పొద్దుగూకేలోపల ఇంటికి తెచ్చేస్తాము."

ఎప్పుడు? ఎలా? గొంతు దాకా వచ్చాయి. ఎదురుగా ఫ్రిజ్. దుఃఖంలో ఉన్నవాళ్ళను ప్రశ్నలతో విసిగించకు. నెల రోజుల్లో ఒక్క సూత్రమైనా సరిగా పాటించాలని నోరు కట్టేసుకున్నాను. "ధైర్యంగా ఉండండి అత్తయ్యా. అంతా దేవుడి చిత్తం" అన్నాను.

"అవునే తల్లీ, అంతా సామి చిత్తమే" అని పెట్టేశారు.

నరేన్ దీపం ఆరిపోయింది. "వదినె, రవ్వంత చక్కెర వెయ్యి" అని నా కాఫీ కోసం పైకి వచ్చేవాడు, హేమకు తెలియకుండా. వాడికి నేను చివరగా చెప్పింది కట్టెకాలి కథ.

ప్రభు సరుకు కోసం చెన్నైలో ఉన్నారు. ఊరు కాని ఊళ్ళో ఉన్న మనిషికి ఫోనులో ఈ మాట ఎలా చెప్పను? తొందరగా రండి అని మాత్రం అన్నాను. పాస్టరుగారికి చెప్పాను. కూటం గ్రూపులో పెట్టాను. వీధంతా కదిలింది. వెట్రివేల్ షామియానా వేయించాడు, కుర్చీలు దించాడు. నరేన్‌ను పడుకోబెట్టడానికి ఐస్‌పెట్టె వచ్చింది. నరేన్ పెళ్ళి ఫోటోలో వాడి సగం వరకు మడిచి దండ వేశాను.

హేమను చూసి ఏమనాలి? ఒక్క ధైర్యవచనం గుర్తుకు రావడం లేదు. ఒక్కటి కూడా.

ఏప్రిల్ 12, మళ్ళీ

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పాస్టరుగారు, కూటం వాళ్ళు పాట అందుకున్నారు. నేను వాకిట్లో చతికిలబడి ఏడుస్తున్నాను. ఆటో ఆగింది. ముందు అత్తయ్య దిగారు. తర్వాత హేమ. తర్వాత, చేతికర్ర ఊతంగా, కాలికి చిన్న కట్టుతో, నరేన్.

వాడు షామియానా చూశాడు, పెట్టె చూశాడు. తలమీద చెయ్యి పెట్టుకుని, "ఏంది వదినె, ఎవురికి ఏమాయె?" అన్నాడు.

తర్వాత దండ వేసిన ఫోటో చూశాడు.

ఆ క్షణంలో నాలో ఏం తెగిందో తెలియదు. లేచాను. "ఒరేయ్ సన్నాసీ! బతికున్నవాడివి బతికున్నానని ఒక్క ఫోను చెయ్యలేవూ? పొద్దుట్నుంచి నీ కోసం ఏడ్చి ఏడ్చి నా కళ్ళు వాచాయి! నా ఏడుపు తిరిగి ఇవ్వరా దరిద్రుడా!" వాడి భుజం మీద రెండు వేశాను. అంతలోనే పట్టుకుని మళ్ళీ ఏడ్చాను.

ఆ ఊపులో అత్తయ్య మీదికి తిరిగాను. "ఆరిపోయిందని చెప్తారా ఫోనులో? మా ఊళ్ళో ఆరిపోతే పాడె కడతారు!"

"పుణ్ణు ఆరిపోయిందే!" అత్తయ్య నెత్తి కొట్టుకున్నారు. "మానిపోయింది! వేలు తీయాల్సిన పని లేదన్నాడు డాక్టరు! పుణ్ణు కాకుండా ఇంకేమి ఆరతాదే పిచ్చిదానా!"

పాట ఆగిపోయింది. పాస్టరుగారు పాటల పుస్తకం మూసి, తీసి, మళ్ళీ మూశారు. కుర్చీలు మడుస్తున్న వెట్రివేల్ కిసుక్కున నవ్వాడు. అంతే! మార్చి ఇరవైన మింగిన వాక్యం బయటికి వచ్చింది. మీసం, షెడ్డు, వంశం, నరేన్ బండి, ఒక్క అక్షరం పోకుండా. తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించాను. ఈసారి ఏమంటున్నానో నాకు బాగా తెలుసు. వాడు జేబులోంచి బండి తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు.

లీడరు పదవి నా కళ్ళ ముందే ఐస్‌పెట్టెతో పాటు వ్యాను ఎక్కింది.

ఎక్కడో నవ్వు వినబడింది. హేమ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా వచ్చి నా మెడ చుట్టూ చేతులేసింది.

"ఎన్నాళ్ళాయె అక్కా నీ నోరు విని" అంది. "ఆస్పత్రికి ఎవురో పాస్టరమ్మ వస్తా ఉండింది, నీ మొహం పెట్టుకోని. నువ్వు యాడ పోయినావో అనుకున్నాను."

కొంగుతో దాని కళ్ళు తుడిచాను.

"ఆ వెట్రివేల్‌ని అన్నావే, వంశం కాడ," చెవిలో అంది. "అది ఇంకొకసారి చెప్పక్కా. ఇదక్కా ఆరుదల అంటే."

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పాస్టరుగారు ఫోను చేశారు. ఆదరణ పరిచర్యకు రుక్మణి సిస్టర్‌ని అనుకుంటున్నారట. "ఆమె తక్కువ మాట్లాడతారు, సిస్టర్." రుక్మణా! ఆవిడ నోరు తెరిచేది ఆవలించడానికే!

ఇవాళ ఆదివారం. లెక్కకు రాదు.

ఏప్రిల్ 20, ఈస్టర్

లేచాడు! మన రక్షకుడు! (కూటంలో ఈ మాట వినగానే అందరూ వెనక్కి తిరిగి నరేన్‌ను చూశారు. వాడు బిరియాని కోసం వచ్చాడట.)

లెంటు అయిపోయింది. అయినా మంచి మాటకు కాలం ఏంటి? మళ్ళీ మొదలుపెడతాను. ఈసారి తొందరపాటు లేదు. ఫ్రిజ్ మీద కాగితం మార్చాను:
తియ్యగా మాట్లాడు.
బాబాయి కాలి ఊసు ఎత్తకు.
ముందు ప్రశ్న వెయ్యి. ఏం ఆరింది? ఎవరికి ఆరింది? బాగా కనుక్కో.

రేపటి నుంచే, ఖాయం! ఇక నా నోట మృదువైన మాట తప్ప...

మెట్ల మీద నుంచి హేమ పిలుస్తోంది. "అక్కా! ఎగవ కూచోని ఏమి చేస్తా ఉండావు? ఇవాళ రుక్మణి కట్టిన చీర చూసినావా?"

చూశాను.

ఎల్లుండి నుంచి.