చరిత్ర సారు అడిగిన పేరు

అన్నా,

నువ్వు పోయాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మన పాత పుస్తకాలు మళ్లీ పరిచింది ఈ ఆదివారమే. నడుము పట్టేసింది.

గిరాకీలంతా నువ్వు పెట్టిన పేర్లతోనే ఉన్నారు. పురుగుల శాస్త్రవేత్త మనకు చీమల సారు, భూగర్భ శాస్త్రవేత్త రాళ్ల మేడమ్. అసలు పేర్లు నువ్వెన్నడూ అడగలేదు.

సాయంత్రం ఆ చరిత్రకారుడొచ్చాడు, నీ చరిత్ర సారు. "ఏందయ్యా, మీ అన్న కనిపిస్తలేడు?" అన్నాడు.

"ఎండాకాలంల పోయిండు సార్."

నువ్వు ఆయన కోసం పక్కన పెట్టిన పుస్తకం ఇచ్చాను. మొదటి పేజీ తెరిచి పెన్ను తీశాడు.

"ఎవరి దగ్గర కొన్ననో రాసుకుంట. ఇన్నేండ్లు ఆబిడ్స్ భాయ్ అనే రాసిన. ఆయన పేరేంది?"

చెప్పాను. రాసుకున్నాడు.

ఆయన నాంపల్లి వైపు నడిచి వెళ్లిపోయాక తట్టింది, నేనూ ఆయన పేరు అడగలేదు.