లాసెట్ కోచింగు చూసొచ్చేను

చెల్లీ,

నువ్వు పోయి రేపటికి నాలుగేళ్లు. నీ మేనకోడలు లాసెట్ కోచింగుకెళ్తానంటోంది. చేర్పించాలో వద్దో తేల్చుకుందామని ఇవాళ వైజాగెళ్లి, పొద్దంతా క్లాసులో వెనకబెంచీ మీద కూర్చున్నాను.

అప్పుడు నువ్వూ ఇలాగే కోచింగుకెళ్తానని అడిగితే, వాళ్ల మెటీరియల్లో ఒక్క కాయితం చూసేను. బెల్లం మార్కెట్లో ఒక్క దిమ్మ గిల్లి లాటు సరుకంతా ఎలాటిదో చెప్పేసే చెయ్యి కదా నాది. "ఇయ్యన్నీ నీకొచ్చినవేనే, కోచింగెందుకు?" అనేసేను. పరీక్ష రాసొచ్చి, "అన్నీ వచ్చన్నయ్యా, టైమే చాల్లేదు" అన్నావు. "వచ్చినవి రాయడానికేటి నొప్పి?" అని కసిరేను. ఆ రోజే పుస్తకాలు అటకెక్కించేసేవు.

ఇవాళ మాస్టారు బల్లమీద గడియారం పెట్టి, ఏ ప్రశ్న దగ్గర ఆగకూడదో, ఏది వదిలేసి ముందుకెళ్లాలో నేర్పేరు. రోజంతా అదే.

ఇంటికొచ్చేక పిల్ల "ఎలాగుంది నాన్నా?" అంది.

"మీ అత్తకి కావలసింది ఇదొక్కటేనే" అనబోయి, "బాగుంది, చేరిపో" అన్నాను.