వెర్నర్ తుపాకీ మీది జింక

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో కాపురముంటున్న, కీర్తిశేషులు బ్రహ్మయ్య గారి కుమారుడు గంగాధరరావు అను నేను, అరవై రెండో ఏట, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి చెల్లవు. అమలు బాధ్యత మా అమ్మాయి గీతికది.

1. ఈ ఫ్లాటు, బ్యాంకులో ఉన్నదంతా నా భార్య శాంతకు సర్వహక్కులతో చెందాలి. నేలమాళిగలోని కెల్లర్‌ గది కూడా. అక్కడ తుపాకీ నూనె వాసన ఆమె చాలా ఏళ్లు భరించింది.

2. నా భూతద్దం గీతికకు. నేను కొనే పాత తుపాకుల గొట్టం మీది నంబరూ బోల్టు మీది నంబరూ కలవకపోతే చిన్నప్పుడు నాకంటే ముందే కనిపెట్టేది.

3. షూటింగ్ క్లబ్ కార్యదర్శికి ఏమీ లేదు. మార్పులు చేసిన సైనిక తుపాకులను పాడైన సరుకు అనేవాడు. ఆ మాట నమ్మింది మాత్రం నేనే.

4. అల్మారాలోని మౌజర్ తుపాకీ, వేట లైసెన్సు ఉన్న ఉల్రికెకు చెందాలి. అది ఆమె తండ్రి, మా పై అంతస్తులో ఉండిన వెర్నర్‌ది. మొదటి యుద్ధం నాటిది. వడ్రంగి అయిన వెర్నర్ వాళ్ల నాన్న దాని పొడవాటి చెక్కను కోసి, వేటకు వీలుగా మలిచి, భుజానికి ఆనించే చోట జింకను చెక్కారు. "సైన్యం లక్షల్లో చేయించింది. ఇలాంటిది ఇదొక్కటే," అనేవారు వెర్నర్.

2020 వసంతంలో కరోనాతో ఆస్పత్రికి వెళుతూ, నూనె పెట్టమని నాకు అప్పగించారు. చూడటానికి పోనివ్వని రోజులు. ఊరికే కూర్చోలేక, ఆయన సంతోషిస్తారని, దాన్ని తిరిగి సైనిక రూపానికి తెచ్చాను. పొడవాటి చెక్క కొని బిగించాను. జింక ఉన్న చెక్కను పాత సామాను మునిసిపాలిటీ పట్టుకెళ్లే స్పెర్‌మ్యూల్ రోజున విరిగిన కుర్చీలతో పాటు వీధిలో పెట్టాను. చెత్తబండి తీసుకుపోయింది.

జూన్‌లో ఇంటికొచ్చిన వెర్నర్, జింక ఉండాల్సిన చోట బొటనవేలితో తడిమారు. "చాలా శుభ్రంగా చేశావు గంగా. నువ్వే ఉంచుకో," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తుపాకీని నా పేరుకు మార్పించి, ఆ చలికాలంలోనే పోయారు. శ్మశానం గేటు దగ్గర ఉల్రికె మాస్కు సవరించుకుంటూ, "తాతయ్య జింక మీ దగ్గర భద్రంగా ఉందని నాన్న చెప్పారు," అంది. నేను తలూపాను.

5. నేను పోయాక తెరవాలనే దీన్ని మొదలుపెట్టాను. పై అంశం రాశాక, అదీ తప్పించుకోవడమేనని తెలిసింది. ఆదివారం ఉల్రికెను కాఫీకి పిలిచాను. తుపాకీ బల్ల మీద పెట్టి ఈ కాగితం నేనే చదివి వినిపిస్తాను. నేను మధ్యలో ఆగితే గీతిక అందుకోవాలి. ఉల్రికె వద్దని లేచిపోతే ఎవరూ బతిమాలకూడదు.

బ్యోబ్లింగెన్, 18 నవంబరు 2021
(సంతకం) గంగాధరరావు

ఇక్కడ చేతిరాత వీలునామాకు సాక్షులు అక్కర్లేదట. నాకు కావాలి:
అబ్దుల్ ముఖీత్
శారదాదేవి