యెన్‌కాయ్ చెప్పిన ఇంగ్లీషు వాక్యం

యెన్‌తాయ్ నగరం నుంచి

అమ్మకు సుచింగ్ నమస్కరించి రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందని తలుస్తాను.

నువ్వు పంపిన ముల్లంగి ఊరగాయ చేరింది. పక్కింటివాళ్ళకూ పెట్టాను. నీ అల్లుడు యెన్‌కాయ్ చదువు ఎంతవరకు వచ్చిందని అడిగావు. అతని ఇంగ్లీషు తరగతులు అయిపోయాయి. ఓడల కర్మాగారంవాళ్ళు వచ్చే నెల అతన్ని జర్మనీలోని హాంబర్గ్‌కు పంపుతున్నారు. ఇన్నాళ్ళూ నేను జావోజు కుడుములకు పిండి ఒత్తుతూ అతనిచేత పాఠాలు అప్పజెప్పించుకునేదాన్ని.

చివరిరోజు ఇంటివాళ్ళనూ రమ్మన్నారు. ఆనాటి పాఠం, సమానంగా లేనివాటిని చెప్పే మాటలు. బరువంతా ఒకవైపే ఉంటే లాప్‌సైడెడ్. ఒక్కరి ఇష్టప్రకారమే జరిగితే వన్‌సైడెడ్. చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేస్తే డిస్‌ప్రపోర్షనేట్. అందరూ తడబడుతుంటే ఫాంగ్ టీచరమ్మ, "మీ ఇంటి సంగతే ఒకటి చెప్పండి, అప్పుడు గుర్తుంటుంది" అంది.

యెన్‌కాయ్ లేచాడు. నావైపు చూసి నవ్వి, ఇంగ్లీషులో అన్నాడు: "నా కాపురం లాప్‌సైడెడ్. హాంబర్గ్‌కు నేనొక్కణ్ణే పోతున్నా, మళ్ళీ రాను. మా ఆవిడ తనూ వస్తాననుకుంటోంది, పాపం."

వెనక వరసలో నవ్వారు.

నేనూ లేచాను. ఇంగ్లీషులోనే, "ఆ మాట తప్పు. ఇద్దరి సంగతి ఒక్కరే తేల్చేస్తే వన్‌సైడెడ్ అనాలి" అన్నాను. టీచరమ్మ బోర్డువైపు తిరిగి వన్‌సైడెడ్ కింద గీత గీసింది.

దారిలో, "నీకు ఇంగ్లీషెప్పుడొచ్చింది?" అన్నాడు.

"నీచేత అప్పజెప్పించుకుంటున్నప్పుడు."

ఇంతసేపూ రాయలేక దాటేస్తూ వచ్చిన మాట ఒకటుంది, అమ్మా. మలుపు దగ్గర అతనన్నాడు: "నా ఒక్కడిమీదే పడతావేం? అత్తయ్యకు వసంత పండుగప్పుడే చెప్పాను. 'విమానం ఎక్కేదాకా దానికి చెప్పకు బాబూ, అది ఉత్త ఏడుపుగొట్టుది' అంది."

అబద్ధమనుకున్నాను. కానీ నన్ను అలా అనేది నువ్వొక్కదానివే. ఆ పండుగ సాయంత్రమే నాకు తల దువ్వుతూ, అక్కడి చలికి ఉన్ని మేజోళ్ళు అల్లుకోమన్నావు. రంగు కూడా నువ్వే చెప్పావు.

అతను పోతే పోనీ. విడాకులకు సంతకం పెడతానని చెప్పేశాను. నీతో ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

ఇప్పట్లో ఊరికి రాను. జవాబు రాస్తే నిజం రాయి, లేదంటే రాయకు. నేను మాత్రం ఏడవలేదు. అది నీకు తెలియాలి.

ఇట్లు,
నీ కూతురు
సుచింగ్