గంటలో నడిపి చూపించాలి

అక్కా,

ఈ ఉత్తరం బావగారికి కూడా చూపించకు. నిన్న ఉద్యోగ పరీక్షకు వెళ్లాను. మా ఆయనతో పన్ను నొప్పి, డాక్టరు దగ్గరికని చెప్పాను.

గంటలో కొత్త వెబ్ ప్రాజెక్టు మొదలుపెట్టి నడిపి చూపించాలి. అన్నీ ఇన్‌స్టాల్ చేసి రన్ నొక్కితే తప్పు, తప్పు అంటూ తెరంతా ఎర్ర అక్షరాలే. ఈలోగా ఆయన ఫోన్ మూడుసార్లు వచ్చింది, ఎత్తలేదు. తీరా చూస్తే, ప్రాజెక్టు ఒక ఫోల్డర్‌లో, నేనున్నది వేరే ఫోల్డర్‌లో! సరైనదాంట్లోకి వెళ్లి మళ్లీ నడిపితే "స్వాగతం" అంటూ పేజీ తెరుచుకుంది. కళ్లనీళ్లు ఆగలేదు.

"ఇంత చిన్నదానికే ఏడుస్తారేంటమ్మా?" అంది పరీక్ష పెట్టినావిడ.

"పన్నెండేళ్లయిందండీ, కంప్యూటర్ ముట్టుకుని" అన్నాను. పెళ్లయ్యాక ఆయన ముట్టుకోనివ్వలేదని మాత్రం చెప్పలేదు.

సోమవారం నుంచి రమ్మన్నారు. మీ మేడ మీద గది ఖాళీగానే ఉందా? పాపా నేనూ వచ్చేస్తాం. జవాబు ఇంటికి రాయకు, ఈ కొత్త ఆఫీసుకే రాయి; చిరునామా కాగితం వెనక రాశాను.

నీ చెల్లెలు