కందగడ్డ ముక్క

సుజాతా,

ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. మన బిడ్డకు తొమ్మిది నెలలు నిండాయి. నువ్వు పోయీ అన్ని నెలలే.

ఇవాళ మొదటిసారి తన చేత్తో తిన్నది. తియ్యటి కందగడ్డ మెత్తగా ఉడకబెట్టి, వేలంత ముక్క చేతికిచ్చాను. నోట్లో పెట్టుకోగానే ఓకరించింది. నా ప్రాణం పోయినంత పనైంది. మా అమ్మ వేలు పెట్టి తీయబోతే ఆపాను, దవాఖానలో నర్సు వద్దని చెప్పింది.

"పిసికి పెట్టరాదుర, గీ ముక్కలేంది?" అని అమ్మ కసిరింది.

ఇంతలో పిల్ల తనే ఉమ్మేసి, మళ్ళీ ముక్క అందుకుంది.

ఇన్నాళ్ళూ నేను పెడితే తప్ప తినలేదు. నేను లారీ తోలడం మానేసి తొమ్మిది నెలలైంది. ఈ కిరాయి గది కిటికీలోంచి పోయే బండ్లను చూస్తూ కూర్చుంటున్నాను. తన చేత్తో తింటే ఇక బయటపడొచ్చని రోజులు లెక్కపెట్టాను. నీకు కాబట్టి చెబుతున్నాను.

"తింటున్నది గద, ఇగ రేపు బండెక్కు. పిల్లను నేను చూసుకుంట," అంది అమ్మ.

లారీ ఓనరుకు ఫోన్ చేద్దామని లేవబోయాను. పిల్ల కుడిచేత్తో ముక్క చప్పరిస్తూ, ఎడమచేత్తో నా అంగీ పట్టుకుంది. ఇది రాస్తుంటే కూడా వదల్లేదు.